పోనాడు అన్న మాట

కన్యకాంబను కన్యకాంబ అని పిలిచేవాళ్ళు ఇప్పుడు నలుగురైదుగురే మిగిలారు. ఖరగ్‌పూర్‌లోని ఖరిదా పేటలో ఇంటి చుట్టుపక్కల ఆమె వకీలమ్మ. నది అవతల మేదినీపూర్ కోర్టులో నలభై ఒక్క ఏళ్ళుగా కనికా దీ, అంటే కనికా అక్క. నల్లకోటు తొడుక్కున్న మొదటిరోజున జడ్జీగారి గుమాస్తా పేష్కారు ఆమె పేరు రెండుసార్లు అడిగి, మూడోసారి అడగడానికి మొహమాటపడి, కనికా అని రాసుకున్నాడు. బెంగాలీ నోటికి బాగా అలవాటైన పేరది. దిద్దుదామని ఆమె నోరు తెరిచేసరికి ఆ కేసు అయిపోయి తరవాతి కేసును పిలిచారు. ఆ తరవాత ఇక దిద్దలేదు.

ఆ పేరు సంగతి ఇన్నేళ్ళకు ఒక దరఖాస్తు వల్ల పైకి వచ్చింది.

కలకత్తాలో పెద్ద వకీళ్ళు కొందరు కలిసి నడుపుతున్న ఒక సంస్థ, కింది కోర్టుల్లో సాక్షులను విచారించడంలోనే జీవితం గడిపిన వకీళ్ళకు ధ్రువపత్రాలు ఇస్తామని ప్రకటించింది. పాతికేళ్ళ అనుభవం ఉండాలి. మొదటి సాక్షి నుంచి తీర్పు దాకా తామే నడిపిన కేసులు ఇరవై చూపించాలి. ఒక విశ్రాంత జడ్జీ, ఎదుటి పక్షాన వాదించిన ఒక వకీలు, తమ కక్షిదారో ఆ కుటుంబంలో ఒకరో ఉత్తరాలు ఇవ్వాలి. కన్యకాంబ తమ్ముడు చిన్నారావు కూతురు హేమశ్రీ ఇందాలో ఒక బడిలో లెక్కల టీచరు. ఆ ప్రకటనను ఫోనులో చూసి, కాగితం మీద అచ్చు తీయించి, తెచ్చి మేనత్త ముందు పెట్టింది.

"ఇది నీ కోసమే పెట్టినట్టుంది అత్తా."

"అరవయ్యారేళ్ళు వచ్చాక నాకు పెళ్ళిచూపులేమిటే?"

"ఇష్టం లేనిదానివి ఆ మూడో పేజీ రెండుసార్లు ఎందుకు చదివావు?"

కన్యకాంబ కళ్ళజోడు తీసి పమిట కొంగుతో తుడుచుకుంది. బోనులో దొరికిపోయిన సాక్షులు సరిగ్గా ఇలాంటి పనే చేస్తారని ఆమెకు తెలుసు.

ఆమెకు ఆ కాగితం కావాలనే ఉంది. ఆ కోరిక బయటికి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, అంతే. రోజూ పొద్దున్నే గిరిమైదాన్ స్టేషన్లో లోకల్ రైలు ఎక్కి, ఒళ్ళో ఫైళ్ళు పెట్టుకుని, మరమరాల పొట్లం విప్పుకుని, సాక్షిని అడగబోయే ప్రశ్నలు పెదవులు కదలకుండా వల్లె వేసుకుంటూ నది దాటడంలోనే ఆమె వయసు గడిచిపోయింది. సర్కారు వకీలు పదవి మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి పక్కింటికి వెళ్ళింది. కొత్త కక్షిదార్లు ఈనాటికీ గది బయట నిలబడి, ఆమె భుజం మీదుగా లోపలికి చూసి, "వకీల్ బాబూ ఉన్నారా?" అని బెంగాలీలో అడుగుతారు. అన్నిటికంటే ఎక్కువగా గుర్తొచ్చేది నాన్న. గోల్‌బజార్‌లో పసుపూ చింతపండూ అమ్మే దుకాణం ఆయనది. "నీ పేరు అచ్చులో ఉన్న కోర్టు కాగితం ఒకటి తేవే అమ్మా, అద్దం కట్టించి తక్కెడ వెనకాల తగిలిస్తాను" అనేవాడు. ఆయన పోయేదాకా ఆమె తేలేదు. ఉన్నవన్నీ కనికా పేరు మీదే ఉన్నాయి.

ఒకే ఒక్కదాంట్లో తప్ప.

ఆదివారంనాడు హేమశ్రీ మూడు ఇనపపెట్టెలు దించి తీర్పులన్నీ చాప మీద పరిచింది. పేజీలు తిప్పుతూ పేర్లు పైకి చదువుతుంటే వంటింట్లో వాళ్ళమ్మ నవ్వు వినపడుతోంది.

"కనికా అంబా. కనికా ఆంబల్. కనికా రావు. ఇదెవరత్తా, కనికా దాస్? ఈ దాసుగారమ్మాయి ఎక్కణ్ణించి వచ్చింది?"

"నేనేలే. ఆవేళ టైపిస్టు తొందరలో ఉన్నాడు."

"అందరూ నువ్వేనని నోటరీ దగ్గర ప్రమాణపత్రం రాసివ్వాలి. ఊళ్ళో దొంగలకి కూడా ఇన్ని పేర్లుండవు. ఆగాగు, ఇదిగో, ఇందులో సరిగ్గా ఉంది. గ్రంధి కన్యకాంబ. అక్షరం పొల్లుపోలేదు. పంతొమ్మిదివందల తొంభై, ముద్దాయి తవిటయ్య. దీన్నే అన్నిటికంటే పైన పెడదాం."

"అది వద్దు."

"ఏం?"

"ఓడిపోయిన కేసు."

"గెలిచి ఉండాలని ఎక్కడా రాయలేదే. నడిపి ఉండాలన్నారు, అంతే."

హేమశ్రీ దాన్ని కట్ట మీద పెట్టేసింది.

ఖరగ్‌పూర్‌లో తెలుగు ఒకటి కాదు. గోదావరి వైపు నుంచి వచ్చి బజార్లో దుకాణాలు పెట్టుకున్నవాళ్ళ తెలుగు ఒకటి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరినవాళ్ళ తెలుగు ఒకటి. కన్యకాంబ ఇంట్లో ఎవరూ "పోతాను" అని గడప దాటరు. వెళ్ళొస్తాననాలి. పోవడమంటే ప్రాణం పోవడమే. వర్క్‌షాపువాళ్ళకు ఆ పట్టింపు లేదు. డూటీకి పోతారు, బజారుకి పోతారు, ఊరు పోతారు. చిన్నప్పుడు దుకాణంలో పొట్లాలు కడుతూ ఆమె ఆ మాట రోజుకు పదిసార్లు వినేది. దీపాలవేళ ఎవరైనా "పోతన్నాను సావుకారూ" అంటే నాన్న చేతిలోని దారం ఒక్క క్షణం ఆగడం కూడా చూసేది. కనక ఆ సంగతి తెలియదని ఆమె ఎప్పటికీ చెప్పుకోవడానికి వీల్లేదు.

తవిటయ్య వర్క్‌షాపులో ఖలాసీ. అతని పిన్నికొడుకు బుజ్జిబాబు న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లో అతనితోనే ఉండేవాడు. ఒకరోజు మధ్యాహ్నం కుళాయి దగ్గర ఇద్దరూ గట్టిగా పోట్లాడుకోవడం ఆ క్వార్టర్ల లైనంతా విన్నది. మర్నాడు పొద్దున రైలుకట్ట పక్క కాలవలో బుజ్జిబాబు శవం కనపడింది. తలకు దెబ్బ ఉంది. ఊరెళ్ళే బండి ఎక్కుతానని సంచి తీసుకుని బయల్దేరాడని, తనకు తెలిసింది అంతేనని తవిటయ్య చెప్పాడు. ఆ కేసు కన్యకాంబ దగ్గరికి వచ్చింది. సీనియరు వెనక కూర్చోకుండా సెషన్స్ కోర్టులో ఆమె ఒంటరిగా నడిపిన మొదటి హత్య కేసు అదే. అప్పటికి ఆమెకు ముప్ఫై రెండేళ్ళు.

పక్క క్వార్టరు సుజాతమ్మ ప్రాసిక్యూషన్ సాక్షి. ముసలావిడకు తెలుగు తప్ప మరో భాష రాదు. కోర్టు దుబాసీకి ఆ రోజు జ్వరం. జడ్జీగారు గడియారం చూసుకుని, "మిస్ కనికా, మీరు తెలుగువారే కదా. ఎవరికీ అభ్యంతరం లేకపోతే మీరే చెప్పండి" అన్నారు. సర్కారు వకీలు నవ్వుతూ సరేనన్నాడు. ఆమె చేత దుబాసీగా ప్రమాణం చేయించారు. ప్రమాణంలో పేరు తప్పు పోకూడదు కనక పేష్కారు మొదటిసారిగా ఒక్కొక్క అక్షరమే అడిగి రాసుకున్నాడు. కోర్టంతా తనకోసం ఆగి వింటోందని ఆమెకు తోచింది. గర్వంగానే అనిపించింది.

"బుజ్జిబాబు గురించి ముద్దాయి మీతో ఏమన్నాడు?" అని అడిగాడు సర్కారు వకీలు.

సుజాతమ్మ కొంగు సర్దుకుంది. "ఏటంటాడు బాబూ. బుజ్జిగాడేడిరా అని నానే అడిగినాను. పోనాడు, ఇంక రాడు అన్నాడు."

కన్యకాంబ కళ్ళముందు కాలవ గట్టు మెదిలింది. చుట్టూ జనం, గోనెపట్టా కప్పిన శవం, తల పట్టుకుని కూర్చున్న తవిటయ్య, వచ్చి పలకరించిన పొరుగింటి ముసలమ్మ. ఏడుస్తున్నవాడి మాటగానే అది ఆమె చెవికి వినపడింది. "మారా గేఛే," అని చెప్పింది బెంగాలీలో. చచ్చిపోయాడు, ఇంక రాడు.

టైపు మిషను టకటకలాడి ఆగింది.

"ఈ మాట అతను ఏవేళప్పుడన్నాడు?"

"దీపాలెట్టే ఏల బాబూ. ముందురోజు."

శవం కనపడడానికి పన్నెండు గంటల ముందు.

సర్కారు వకీలు ముఖంలో మొదట ఆశ్చర్యం, తరవాత సంతోషం కనపడ్డాయి. తాను ఏం చెప్పిందో కన్యకాంబకు అప్పుడు తెలిసింది. బోనులో ఉన్న తవిటయ్య ఆమె వంక చూశాడు. పదిహేనేళ్ళుగా ఖరగ్‌పూర్‌లో పనిచేస్తున్నవాడు, ఆ రెండు బెంగాలీ ముక్కలు తెలియనివాడు కాదు. ఆ చూపులో కోపం లేదు. ఆవిడ ఇప్పుడే లేచి సర్దుతుందని ఎదురుచూస్తున్న చూపు అది.

ఆమె లేవలేదు. చెప్పింది తప్పని ఇప్పుడంటే సర్కారు వకీలు నవ్వుతాడు, ఇబ్బంది కనపడేసరికి మాట మార్చిందంటాడు. జడ్జీగారు అప్పుడే "బాగా చెప్పారు" అని మెచ్చుకుని ఉన్నారు. తన వంతు విచారణలో నెమ్మదిగా సర్దుకోవచ్చు అనుకుంది. తన వంతు రాగానే, "పోనాడంటే ఊరెళ్ళాడనేగా మామ్మా?" అని అడిగింది. సుజాతమ్మ అప్పటికే బెదిరిపోయి ఉంది. "ఆడి మనసులో ఏటున్నాదో నాకేటి తెలుసు తల్లీ. అన్నమాట సెప్పినాను," అంది. ఆ జవాబు కూడా కన్యకాంబే అనువదించాల్సి వచ్చింది.

హత్య సంగతి బయటపడకముందే చావు గురించి ముద్దాయికి తెలుసునని తీర్పు వచ్చింది. సాక్షి మాటను అనువదించింది ముద్దాయి తరఫు వకీలు గ్రంధి కన్యకాంబే కనక, అందులో ముద్దాయికి చెరుపు జరిగిందని అనుకోవడానికి వీల్లేదని కూడా రాశారు. యావజ్జీవం పడింది. అప్పీలు కలకత్తాలో వేరే వకీలు చూశాడు. ఫైలు అందిస్తూ ఆమె చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. అక్కడివాళ్ళు అదే కాగితం చదివి అదే శిక్ష ఖాయం చేశారు. తొమ్మిదో ఏట తవిటయ్య జైలు ఆసుపత్రిలో ఊపిరితిత్తులు చెడి చనిపోయాడు.

అతనికి ఒక్కతే కూతురు, గంగాభవాని. తల్లి అంతకుముందే లేదు. తీర్పునాటికి దానికి పదేళ్ళు. మేనత్త దగ్గర పెరిగింది. కుట్టు నేర్పించింది మాత్రం కన్యకాంబే. ఊరంతా ఆ వకీలమ్మ మనసు ఎంత మెత్తనిదో అనుకున్నారు. మొదటిసారి ఈ ఇంటికి వచ్చి వెళ్తూ ఆ పిల్ల "పోతన్నానమ్మా" అంటే, వంటింట్లోంచి కన్యకాంబ తల్లి కేకేసింది. "గడప దాటుతూ ఆ మాటేమిటే? వస్తాననాలి." కన్యకాంబ ఆ పూట అన్నం తినలేదు. అది మొదలు ఇంటికి ఎప్పుడొచ్చినా "ఒస్తానమ్మా" అనే వెళ్ళేది గంగాభవాని. ఏటేటా దసరాకు మెడ కింద కట్టుకునే తెల్లపట్టీలు అరడజను కుట్టి తెచ్చేది. ముప్ఫై ఏళ్ళుగా కన్యకాంబ కోర్టులో ఏం వాదించినా ఆ పట్టీ కట్టుకునే వాదించింది.

జడ్జీగారి ఉత్తరం వచ్చింది. ఆనాటి సర్కారు వకీలే, ఎనభై ఏళ్ళ మనిషి, వణికే చేత్తో ఒక పేజీ రాసిచ్చాడు. శుక్రవారం గడువు. మూడో ఉత్తరానికి హేమశ్రీ ఎవరికీ చెప్పకుండా న్యూ సెటిల్‌మెంట్ వెళ్ళొచ్చింది. బుధవారం సాయంత్రం గంగాభవాని గుమ్మంలో సైకిలు ఆపింది.

"ఏటమ్మా, మీకు మెడల్ ఇస్తారంట గదా. మాకు సెప్పకుండా దాసీసుకుందారనా?"

"మెడల్ కాదే. కాగితం."

"కాగితమైతే ఏటి, గోడకి కొడతారు గదా. ఆ రోజు ఫొటో తీస్తారు. పాతవి కట్టకండి, ఇవి కట్టండి." కొత్త పట్టీలు బల్లమీద పెట్టింది. వాటి పక్కన నాలుగు మడతలు పెట్టిన కాగితం పెట్టింది. "నాను ఏడో క్లాసు. తప్పులుంటాయి. దిద్దకండి. దిద్దితే నా మాట అవదు."

"దిద్దనులే."

"ఒస్తానమ్మా."

ఉత్తరం తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. "నువ్వే చెయ్యి అత్తా, నీకంటే బాగా ఎవరు చేస్తారు?" అని బడికి వెళ్ళిపోయింది హేమశ్రీ. గురువారం మధ్యాహ్నం భోజనమయ్యాక కన్యకాంబ బల్లముందు కూర్చుంది.

"మా అయ్య తవిటయ్య కేసులో వకీలమ్మ సొంత కూతురులాగ కొట్లాడినారు. మా అయ్య జైలుకి పోనాక నన్ను సూసినోలు లేరు. వకీలమ్మ సూసినారు. మా అయ్య పోనాక శవాన్ని తెప్పించి దినాలు సెయ్యించినారు. ఇలాంటి వకీలు ఇంకొకరు లేరు."

రెండో వాక్యంలో ఆమె కలం ఆగకుండా వెళ్ళాడని రాసింది. నాలుగో వాక్యంలో అంతే తేలిగ్గా చనిపోయాడని రాసింది. రాశాక ఆ రెండు మాటలూ చూస్తూ ఉండిపోయింది. ఒకే మాట. రెండుచోట్లా తప్పు రాలేదు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మాటకు రెండర్థాలున్నాయి, ఎవరైనా పొరబడతారు అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది. పొరబడింది ఒక్క నిమిషం. మిగతా ముప్ఫై నాలుగేళ్ళూ పొరపాటు కాదు.

ఫోను చేసి గంగాభవానిని రమ్మంది. చీకటి పడకముందే వచ్చింది, చేతి సంచిలో ఎవరిదో సగం కుట్టిన జాకెట్టుతో.

"ఏటమ్మా, తప్పులు మరీ ఎక్కువున్నాయా?"

"కూర్చో గంగా."

కన్యకాంబ కోర్టులో చెప్పినట్టే చెప్పింది. వరసగా, ఏదీ దాచకుండా, తన తరఫున ఒక్క మాటా కలపకుండా. గంగాభవాని కదలకుండా విన్నది. విన్నాక జాకెట్టు అంచున వేలాడుతున్న దారాన్ని వేలికి చుట్టుకుంది.

"మారా గేసే అన్నారా?"

"అన్నాను."

"సోలే గేసే అనుంటే?"

వెళ్ళిపోయాడు. అంతే తేడా.

"తెలీదు గంగా. ఇంకా సాక్షులున్నారు. కానీ తీర్పు నిలబడింది ఆ మాట మీదే."

"మా అయ్యకి తెలుసా?"

"తెలుసు. నావైపు చూశాడు."

గంగాభవాని తలాడించింది, ఏదో లెక్క సరిపోయినట్టు. "నాతో ఎప్పుడూ సెప్పలేదు. జైలుకి ఎల్లినప్పుడల్లా, వకీలమ్మ బాగున్నాదా అని అడిగీవోడు. నానొచ్చి మీకు సెప్పీదాన్ని. గురుతున్నాదా?"

"ఉంది."

"మీరేటనీవోరు?"

"బాగానే ఉన్నానని చెప్పమనేదాన్ని."

"అలాగే సెప్పీదాన్ని," అంది గంగాభవాని.

బయట వీధిలో ఐస్‌క్రీం బండి గంట వినపడి దూరమైంది.

"ఇప్పుడెందుకు సెప్పినారు?"

"నువ్వు రాసిన ఉత్తరం పంపలేక."

"పంపకపోతే పంపకపోదురు. పారీసుకుందురు. నాకు సెప్పడం దేనికి?" గొంతు పెరగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది. "ముప్ఫై ఏళ్ళు మీరొకలున్నారు అనుకుని బతికినాను. అది కూడా తీసీసుకున్నారు."

కన్యకాంబ బల్లమీది ఉత్తరాన్ని ఆమె వైపు జరిపింది.

గంగాభవాని లేచి బల్లమీద తన ఉత్తరం తీసుకుంది. పాత మడతల మీదే మడిచి సంచిలో పెట్టుకుంది. కొత్త పట్టీల మీద చెయ్యి ఒకసారి ఆగింది. "కొలత మీది. నాకేటి పనికొస్తాయి," అని వదిలేసింది. గుమ్మంలో చెప్పులు వేసుకుని, సైకిలు స్టాండు తీసి, వెనక్కి తిరిగింది. కన్యకాంబ గడప దగ్గర నిలబడి ఉంది, ఇన్నేళ్ళూ నిలబడినట్టే, ఆ ఒక్క మాట కోసం.

"పోతన్నానమ్మా," అంది గంగాభవాని.

హేమశ్రీ బడి నుంచి వచ్చేసరికి మేనత్త దరఖాస్తు కట్టను తాడుతో కట్టేస్తోంది. మూడో ఉత్తరం లేదు. కట్ట మీద తొంభైనాటి తీర్పు, దానిమీద గ్రంధి కన్యకాంబ అన్న పేరు, అక్షరం పొల్లుపోకుండా.

"గంగ వచ్చి వెళ్ళినట్టుంది. వీధి చివర ఎదురైంది, పలకరిస్తే ఆగలేదు. ఉత్తరం తీసుకుపోయిందా? ఇంకా రేపుంది కదా, వేరే ఎవరినైనా అడుగుదాం."

"వద్దు."

"అసలేమంది అత్తా?"

కన్యకాంబ తాడు ముడి బిగించింది.

"పోతన్నాను, అంది."

ఆ పిల్ల అన్న మాట, అన్నట్టే చెప్పింది.